మా అప్ అండ్ డౌన్ ఫార్వర్డ్

ఆవిడ పోయిన సంగతి నాకు మా ఐస్ హాకీ టీమ్ గ్రూపులో తెలిసింది. శుక్రవారం ప్రాక్టీసుకు ఎవరు వస్తున్నారు, ఎవరి గ్లవ్స్ ఎవరి సంచిలో కలిసిపోయాయి అనే కబుర్లు తప్ప మరేమీ రాని గ్రూపు అది. అందులో మా ఒమానీ ఆటగాడు సయీద్ ఒక్క వాక్యం రాశాడు: మన సిస్టర్ ఇండియాలో చనిపోయింది, జ్వరమట. కింద అరబ్బీలో ఒక ప్రార్థన. నేను అప్పుడు మస్కట్‌లోని రువీలో లాండ్రీ ముందు నిలబడి ఉన్నాను. ఇస్త్రీ చేసిన చొక్కాలు హ్యాంగర్లతో సహా చేతికిచ్చారు. వాటిని పట్టుకుని కారు దాకా నడిచి, కారెక్కి, ఏసీ వేసుకుని, చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మస్కట్‌లో ఐస్ హాకీ ఏమిటి, అందులో తెలుగావిడ ఏమిటి అని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వడంలో తప్పులేదు. నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే. కానీ ఊళ్ళో మంచు పరిచిన హాలు ఒకటి ఉంది. పిల్లల పుట్టినరోజులు చేస్తారు, సెలవు రోజుల్లో జనం స్కేటింగ్‌కి వస్తారు. బయట కారు స్టీరింగు మీద చెయ్యి పెట్టలేని ఎండలో కూడా లోపల స్వెటర్ వేసుకోవాలి. శుక్రవారం పొద్దున్న, జనానికి తలుపులు తీసేముందు, ఆ హాలు మాది. ఒమానీలు, కెనడా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒక రష్యన్ డెంటిస్టు, మేమిద్దరం తెలుగువాళ్ళం. ఆడా మగా అందరం కలిసే ఆడతాం.

నేను అందులోకి వెళ్ళడానికి ఆవిడే కారణం. మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకి ఆ హాలుకు వెళ్ళి, పిల్లల బలవంతం మీద స్కేట్స్ తొడుక్కుని మంచు మీద కాలు పెట్టాను. కాలు నన్ను వదిలి వెళ్ళిపోయింది. "ఓరి నాయనో" అని అరిచి చుట్టూ ఉన్న గోడను వాటేసుకున్నాను. అంతలో ఎవరో వెనక్కి వెనక్కి జారుకుంటూ వచ్చి, నా పక్కన ఠక్కున ఆగారు. నా ప్యాంటు మీద మంచు రజను చిమ్మింది. చూస్తే నలభై దాటిన ఆవిడ, పొట్టిగా, కాస్త ఒళ్ళు చేసి ఉంది. జడను స్వెటర్ లోపలికి దోపుకుంది.

"ఏటండీ, ఆ గోడనలగ పట్టీసుకున్నారు? అది పడిపోదు లెండి" అంది.

ఆ "ఏటండీ"తో విశాఖపట్నం వైపని తెలిసిపోయింది. తణుకు నుంచి వచ్చి దార్సైట్‌లో ఉంటున్నానని, ఇన్సూరెన్స్ ఆఫీసులో పని అని చెప్పాను. అవేవీ ఆవిడ వినలేదు. చిన్నప్పుడు ఏం ఆడేవారని అడిగింది. క్రికెట్టే, కీపింగ్ చేసేవాణ్ణి అన్నాను.

"కీపరా!" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం, బేరానికొచ్చినవాడు పెద్ద ఇల్లు కట్టుకుంటున్నాడని తెలిసిన దుకాణదారు మొహంలా వెలిగిపోయింది. ఆవిడ చేసేది కూడా అదే పని. మబేలాలో టైల్స్, కుళాయిలు అమ్మే షోరూమ్‌లో సేల్స్ చూసుకునేది. గోడను పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి గోల్ కీపర్‌గా అమ్మేయగలిగిందంటే ఆవిడ పనితనం ఎలాంటిదో తెలుస్తుంది. తరవాతి శుక్రవారం నాకు కాళ్ళకీ ఛాతీకీ దిండ్లలాంటి ప్యాడ్లు కట్టి, హెల్మెట్ పెట్టి, గోల్ ముందు నిలబెట్టింది.

"నాకు నిలబడడమే రాదు, పడిపోతాను" అన్నాను.

"పడిపోతే ఫర్వాలేదు. గోల్‌కి అడ్డంగా పడండి."

నేను నేర్చుకున్న ఐస్ హాకీ అంతా ఆ ఒక్క మాటే. ఆ రోజు నుంచి ఆవిడకు నేను కీపర్ గారిని.

ఆవిడ కూడా మంచు మీద పుట్టింది కాదు. విశాఖలో సముద్రం దగ్గర సిమెంటు రింగులో, చక్రాల స్కేట్స్ మీద హాకీ ఆడుతూ పెరిగింది. చక్రాల్లో ఇసక పడితే కర్రుమనేదట. ఆ చప్పుడు చేసి చూపించేది, పళ్ళు కొరికి. పెళ్ళయ్యాక ఆట పోయింది. ఒమాన్ వచ్చాక, భర్తకు సోహార్ ప్లాంటులో డ్యూటీ, ఆయన గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోవడం, కూతురు విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకోవడం, మిగతా రోజులు తనూ టైల్సూ. ఓసారి ఎవరో ఈ మంచు హాలు చూపించారు. "చక్రాలు లేకపోతే ఏటి, కాళ్ళున్నాయి కదా" అనుకుందట.

ఆటకు ముందు ఆవిడ గాజులు తీసి తన మామూలు బూట్లలో వేసుకునేది. ఆట అయ్యాక ఆ సంగతి మరిచిపోయి బూట్లలో కాలు పెట్టి కెవ్వుమనేది. ఇది దాదాపు ప్రతి వారమూ జరిగేది. "పోనీ సంచిలో వేసుకోవచ్చు కదండీ" అంటే, "సంచిలో వేస్తే మర్చిపోతాను" అనేది.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోల్ కీపర్ కాక ఒక్కో వైపు అయిదుగురు మంచు మీద ఉంటారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు. ఫార్వర్డ్‌ల పని నల్లటి రబ్బరు బిళ్ళను తీసుకెళ్ళి అవతలి గోల్‌లో వెయ్యడం. ఒక నిమిషం కూడా కాకుండానే ఒగర్పు వచ్చి బెంచీ మీదికి వచ్చి పడతారు, ఇంకొకళ్ళు దిగుతారు. అంత అలుపున్న ఆటలో, బిళ్ళ చేజారిపోయాక, అంత దూరం వెళ్ళిన ఫార్వర్డ్ మళ్ళీ అంత దూరం వెనక్కి పరుగెత్తి రావాలంటే మనసొప్పదు. అది డిఫెండర్ల పని అనుకుంటాడు. స్టిక్ మీద వాలి, వాళ్ళు బిళ్ళను మళ్ళీ తెచ్చిపెడతారని చూస్తాడు.

గోల్ కీపర్‌గా నాకు అందరి వీపులూ బాగా తెలుసు. సయీద్ వీపు మరీ బాగా తెలుసు. టెలిఫోన్ కంపెనీలో పనిచేసే కుర్రవాడు, గాలిలా వెళ్ళేవాడు, మా గోల్స్‌లో సగానికి పైగా అతనివే. కానీ ముఖం మాత్రం నాకు బెంచీ దగ్గరే కనిపించేది. ఆవిడ ముఖం అలా కాదు. బిళ్ళ అవతలివాళ్ళకు దొరికిందో లేదో, ఆవిడ వీపు తిరిగి ముఖం అయ్యేది. ముక్కు కారుతూ, కనుబొమ్మలు ముడిచి, నోట్లో పెట్టుకున్న పళ్ళ కవచాన్ని చప్పరిస్తూ నావైపు వచ్చేస్తుండేది. బిళ్ళ ఉన్నవాడి వెంట పడేది కాదు. వాడు ఎవరికి అందించబోతున్నాడో చూసి, ఆ దారిలో వచ్చి నిలబడేది. వాడు అందించేసరికి మధ్యలో ఈవిడ స్టిక్. మరుక్షణం బిళ్ళతో మళ్ళీ అటు.

లాక్కునేటప్పుడు ఊరుకునేది కాదు. "ఏటి బావా, ఎక్కడికి?" అనేది. కెనడావాడైనా ఒమానీ అయినా బావే. పోగొట్టుకున్నవాడు తిట్టుకుంటూ వెళ్తుంటే "రా బావా, మళ్ళీ రా" అని వెనక నుంచి ఆహ్వానం. కొంతకాలానికి ఫిలిప్పీన్స్ కుర్రవాడొకడు బిళ్ళ లాక్కున్నప్పుడల్లా తనూ "బావా!" అని అరవడం మొదలుపెట్టాడు. అది హాకీ మాట అనుకున్నాడట. ఆవిడ అతణ్ణి సరిదిద్దలేదు.

మా కోచ్ చమురు కంపెనీలో ఇంజనీరు, ఫిన్లాండ్ మనిషి. ఎడారిలో కొన్నాళ్ళు పని, కొన్నాళ్ళు సెలవు. మాట తక్కువ. మా టీమ్‌కు కొత్తగా వచ్చి ఆవిడ ఆట మొదటిసారి చూసినప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఈమె టూ-వే ఫార్వర్డ్. గోలూ కొడుతుంది, గోలూ ఆపుతుంది. మా దేశంలో ఇలాంటివాళ్ళ కోసం వెతుక్కుంటాం" అన్నాడు. నేను వెళ్ళి ఆవిడకు చెప్పాను.

"టూ-వే అంటే అప్ అండ్ డౌనా? మా ఆయన సోహార్‌కి చేసినట్టు?" అంది.

పైకి అలా అంది గానీ ఆ వారమంతా షోరూమ్‌లో అందరికీ చెప్పుకుందని తరవాత తెలిసింది. అక్కడ సరుకు ఎక్కించే జగిత్యాల మనుషులిద్దరు మా మేడం ఏదో ఆడుతుందట చూద్దామని ఒక శుక్రవారం కంపెనీ పికప్‌లో వచ్చారు. చలికి తట్టుకోలేక ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని, కళ్ళప్పగించి చూశారు. ఆట అయ్యాక వాళ్ళలో పెద్దవాడు, నాగరాజు అతని పేరు, దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీరు ఉరుకుతుంటే మాకు దమ్మొచ్చింది. గంతమంది ఉండిరి గదా, అందరి ఉరుకుడు మీరొక్కలే ఉరుకుడేంది?"

"అదే నేనూ అడుగుతున్నాను, నాగరాజూ. ఆ నిలబడ్డవాళ్ళని అడుగు" అని సయీద్ వైపు చూపించింది. సయీద్‌కు తెలుగు రాకపోయినా తన గురించేనని అర్థమైంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

ఇదంతా విని, ఆవిడ టీమ్ కోసం ఒళ్ళు దాచుకోకుండా త్యాగం చేసే మనిషని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆట అయ్యాక అందరం కరక్ చాయ్ దుకాణం ముందు నిలబడ్డాం. పరోటాలో చీజ్, నలిపిన చిప్స్ చుట్టి ఇస్తారక్కడ, ఆవిడకు అది ప్రాణం. తింటుండగా అన్నాను: "మీరు పాపం మా అందరి కోసం అంత వెనక్కి వస్తారండీ."

నమలడం ఆపి చూసింది. "పాపం ఏటి? త్యాగం గీగం అనుకుంటున్నారేటి? నాకు ఒళ్ళు మండిపోతాది కీపర్ గారూ. నా దగ్గరున్న బిళ్ళ వాడు ఎత్తుకుపోయి, నవ్వుకుంటూ ఎల్లి గోల్ కొట్టీసి, చేతులెత్తుకుంటే నాను చూస్తూ నిలబడాలా? నాకు గోల్ కావాలి. వాడికి ఉండకూడదు. అంతే."

నిజంగా అంతే. ఆవిడకు గోల్స్ అంటే దురాశ. తన స్టిక్ తగిలి గోల్ అయిందా, సయీద్ స్టిక్ తగిలా అని తేలకపోతే రిఫరీతో వాదించేది. ఓ ఏడాది చివర మాలో మేమే కప్పులు ఇచ్చుకున్నప్పుడు, ఉత్తమ ఫార్వర్డ్ సయీద్ అన్నారు. ఆవిడకు "నిస్వార్థంగా ఆడినందుకు" ఒక ఖర్జూరం పెట్టె ఇచ్చారు. ఆవిడ ఆ పెట్టె పట్టుకుని గ్రూప్ ఫోటోకు కూడా నిలబడకుండా వెళ్ళిపోయింది. మరుసటి వారం సయీద్‌తో మాట్లాడలేదు. ఆ పై వారం సయీద్ వాళ్ళమ్మ చేసిందని హల్వా గిన్నె తెచ్చి ఇచ్చాడు. "ఉఖ్తీ, మా అక్కవి నువ్వు, కోపం వద్దు" అన్నాడు. ఆవిడ హల్వా తీసుకుంది, మొత్తం తినేసింది, గిన్నె కడిగి ఇచ్చింది, అప్పటికీ మాట్లాడలేదు. ఆట మొదలయ్యాక బిళ్ళ ఆపి, అతనికి అందించి, "పో బావా, కొట్టు" అని అరిచినప్పుడుగానీ కోపం తీరిందని మాకు తెలియలేదు.

తరవాత మోకాలి గొడవ వచ్చింది. ఒక వేసవిలో ఆవిడ వెనక్కి వస్తూ మలుపు తీసుకోబోయి కూలబడింది. లోపల ఏదో చిరిగింది. డాక్టరు ఆపరేషను అక్కర్లేదు గానీ ఈ ఆట మానెయ్యమన్నాడు. ఆవిడ కొన్ని నెలలు రాలేదు. వచ్చినప్పుడు మోకాలికి ఇనప పట్టీలున్న తొడుగు ఉంది. ముందుకు వెళ్ళడం బాగానే ఉండేది. ఆగి, తిరిగి, మళ్ళీ వెనక్కి రావడమే కష్టం. ఆగే ప్రతిసారీ పళ్ళ కవచం కొరకడం నాకు కనిపించేది.

ఆ రోజుల్లోనే సరిహద్దు అవతల ఎమిరేట్స్ నుంచి ఒక టీమ్ మా ఊరికి వచ్చింది. మాకు అది పెద్ద మ్యాచ్. ముందురోజు కోచ్ ఆవిడను పక్కకు పిలిచాడు. మాట తక్కువ మనిషి గనక సూటిగా చెప్పాడు. "ఈ కాలుతో రెండూ చెయ్యలేవు. రేపు నువ్వు వెనక్కి రావద్దు. మధ్య గీత దాటకు. అక్కడే ఉండు, మేం బిళ్ళ తెచ్చిస్తాం, నువ్వు గోల్ కొట్టు."

పార్కింగ్‌లో ఎండలో నిలబడి ఆవిడ నాకు ఆ మాట చెప్పింది. సలహా అడుగుతోందనుకున్నాను.

"మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి" అన్నాను.

"ఇష్టం లేకపోడం ఏటి? పొద్దున్నించి అదే తలుచుకుంటన్నాను" అంది. మొహం మీద సిగ్గులాంటిది కనిపించింది. "జీవితంలో ఒక్కసారి, కీపర్ గారూ. ఎవరో తెచ్చిపెడితే నాను కొట్టడం."

మ్యాచ్ రోజు హాలు నిండింది. ఆవిడ చెప్పినట్టే చేసింది. మధ్య గీత దగ్గర తచ్చాడుతూ, బిళ్ళ రాగానే అందుకుని వెళ్ళిపోయింది. మొదటి గోల్ కొట్టినప్పుడు రెండు చేతులూ పైకెత్తింది. ఆవిడ అలా చెయ్యడం నేను ఎన్నడూ చూడలేదు. రెండో గోల్ తరవాత గోడ మీది అద్దానికి అవతల కూర్చున్న పిల్లల చేతులకు ఇటు నుంచి చెయ్యి ఆనించింది. మూడోదానికి హాలంతా లేచి నిలబడింది. సయీద్ వెళ్ళి ఆవిడ హెల్మెట్ మీద ముద్దు పెట్టుకున్నాడు.

ఇటు నా సంగతి వేరు. ఆ రోజు నా వైపు తిరిగి వచ్చే ముఖం లేదు. బిళ్ళ చేజారిన ప్రతిసారీ నేను అలవాటుగా ఆవిడ కోసం చూసేవాణ్ణి. మధ్య గీత దగ్గర వీపు కనిపించేది. వాళ్ళూ నాకు గోల్స్ కొట్టారు. ఆట ముగియబోయేసరికి రెండు వైపులా సమానం.

అప్పుడు సయీద్ బిళ్ళ పోగొట్టుకున్నాడు. వాళ్ళ పొడవాటి ఆటగాడు ఒకడు దాన్ని తీసుకుని బయల్దేరాడు. మా డిఫెండర్లిద్దరూ ముందుకు వెళ్ళి చిక్కుకుపోయారు. అతనూ నేనూ మాత్రమే ఉన్నాం. అతను మధ్య గీత దాటేటప్పుడు ఆవిడకు చేతికందేంత దూరంలోంచి వెళ్ళాడు. ఆవిడ స్టిక్ కదల్లేదు. తల మాత్రం తిప్పి చూసింది. నేను గోల్‌కి అడ్డంగా పడ్డాను, కానీ పడాల్సిన వైపు పడలేదు.

ఓడిపోయాం. కప్పులు ఇచ్చారు. ఉత్తమ ఫార్వర్డ్ ఆవిడే. ఈసారి ఫోటోకు నిలబడింది, కప్పును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. అంత సంతోషం ఆవిడ ముఖంలో నేను మునుపు చూడలేదు, నిజమైన సంతోషం. నేను ఓడిపోయిన కీపర్ని గనక బెంచీ మీద కూర్చుని ప్యాడ్లు విప్పుకుంటున్నాను. అందరూ వెళ్ళాక కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కప్పు మా ఇద్దరి మధ్య పెట్టింది.

"కీపర్ గారూ, ఆ ఆఖరిది నాను ఆపీయొచ్చు."

"మోకాలు బాగోలేదు కదండీ. పైగా కోచ్ వద్దన్నాడు."

"మోకాలూ కాదు, కోచూ కాదు. స్టిక్ చాపితే చాలు. నా పక్కనించే ఎల్లాడు." కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "వాడు కొట్టేస్తే ఆట మళ్ళీ మధ్యలోంచి మొదలవుతాది కదా, నాకింకోటి కొట్టే ఛాన్సు వస్తాది అనుకున్నాను. మీకు గోల్ పడిపోవాలనుకున్నానండీ. మనకి."

పోనీలెండి అనబోయాను.

"అలగ ముందే ఉండి కొట్టడం చాలా బావుంది, కీపర్ గారూ. అబద్ధం ఎందుకు. ఇంత బావుంటాదనుకోలేదు. అందుకే మరింక ఇలగ ఆడను."

తరవాతి శుక్రవారం కోచ్ దగ్గరికి నేరుగా వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను. కోచ్ ఆవిడను ఇకమీదట ముందే ఉంచాలని నిర్ణయించుకుని, కాగితం మీద గీసుకొచ్చాడు కూడా. ఆవిడ ఆ కాగితం చూడలేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపం వచ్చి తెలుగులోకి దిగి, నన్ను చెప్పమంది.

"టైము సగం ఇమ్మనండి, ఏం ఫర్వాలేదు. పావు ఇచ్చినా సరే. గ్రౌండు మాత్రం సగం చెయ్యొద్దనండి."

నేను చెప్పాను. కోచ్ ఆవిడ మోకాలి వైపు చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. అలిసిపోకముందే దిగిపోవాలి" అన్నాడు. ఫిన్లాండ్ మనిషికి అది చాలా పెద్ద ఉపన్యాసం.

ఆ తరవాత మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవిడ అలాగే ఆడింది. ఒక్కసారి వెళ్ళేది, ఒక్కసారి వచ్చేది, బెంచీ మీదికి వెళ్ళి కూర్చుని మోకాలికి ఐస్ పెట్టుకునేది. మళ్ళీ తన వంతు వచ్చేదాకా మిగతా అందరినీ తిట్టేది. గోల్స్ తగ్గిపోయాయి. ఆ సంగతి మీద కూడా తిట్టేది. ఆ ఏడాది ఉత్తమ ఫార్వర్డ్ మళ్ళీ సయీదే. ఈసారి ఖర్జూరం పెట్టె కూడా ఇవ్వలేదు. "పోనీ అదైనా ఇవ్వలేకపోయారా" అని నాతో అంది.

సోహార్‌లో ఆయన ఉద్యోగం అయిపోవడంతో వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి విశాఖ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు స్కేట్స్ మా టీమ్‌కు ఇచ్చేసింది. ఆ సైజు మాలో ఎవరికీ సరిపోక అవి అరలో ఉండిపోయాయి. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసేది. సిమెంటు రింగు ఇప్పుడూ ఉందని, పొద్దున్నే వెళ్ళి చూస్తున్నానని, అక్కడ పిల్లలెవరూ వెనక్కి రారని. "మీకు పడుతున్నాయా ఇంకా?" అని అడిగేది, గోల్స్ గురించి. పడుతున్నాయండీ అంటే సంతోషించేదో బాధపడేదో చెప్పలేను.

కబురు తెలిసిన మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులోంచి బయటికి వచ్చి ఆవిడ నంబరుకే ఫోన్ చేశాను. ఆయన ఎత్తారు. నేను ఫలానా, మస్కట్ నుంచి, టీమ్‌లో గోల్ కీపర్ని అని చెప్పాను. "ఓ, మీరా, కీపర్ గారు" అన్నారు. డెంగీ అట. ప్లేట్‌లెట్లు పడిపోయాయట. బాగయిపోతుందనే అనుకున్నారట. ఆయన అన్నీ వరసగా, ఎన్నోసార్లు చెప్పిన మనిషిలా చెప్పారు. నేను వింటూ ఊఁ కొట్టాను. ఇక ఫోన్ పెట్టేద్దామనుకున్నాను.

"ఒక మాటండీ" అన్నారాయన. "బాగా ఆడేదా?"

"మీరు చూడలేదా ఎప్పుడూ?"

"లేదండీ. నాకా చలి పడదు. వారమంతా ప్లాంటులో నిద్దరుండేది కాదు. ఆవిణ్ణి దింపి, పార్కింగ్‌లో ఏసీ వేసుకుని పడుకునేవాణ్ణి. వచ్చి లేపేది. ఇవాళ గోల్ కొట్టాను అని చెప్పేది. ఎప్పుడూ గోల్సే చెప్పేది. నాకు ఆ ఆటేటో తెలీదు. ఊఁ అనేవాణ్ణి. ఒక్కటి చెప్పండి. మీరు చూసినది."

ఆవిడ కొట్టిన గోల్స్ నాకు చాలా గుర్తున్నాయి. కప్పు వచ్చిన మ్యాచ్‌వి మూడూ గుర్తున్నాయి. కానీ నోటికి వచ్చింది మరొకటి. అది ఏ మ్యాచూ కాదు. మాలో మేం రెండు జట్లుగా ఆడుకుంటున్న ఒక మామూలు శుక్రవారం. చూసేవాళ్ళు ఎవరూ లేరు. మేం ఎప్పుడో గెలిచేశాం, ఇంకో గోల్ పడినా ఏమీ కాదు. అవతలి గోల్ ముందు సయీద్ బిళ్ళ పోగొట్టుకున్నాడు. వాళ్ళవాడొకడు దాన్ని తీసుకుని నా వైపు వస్తున్నాడు. అందరూ నిలబడిపోయారు. నేను కూడా సరేలే అనుకుని సగమే వంగాను. ఆవిడ అటు చివర ఉంది. అక్కణ్ణించి బయల్దేరింది. నడుము వంచి, చెయ్యి ఊపుకుంటూ, హాలంతా వినిపించేలా ఒగరుస్తూ, ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చింది. అతను కొట్టడానికి స్టిక్ ఎత్తాడు. వెనక నుంచి ఆవిడ తన స్టిక్‌తో దాన్ని కాస్త పైకి లేపింది, అంతే. బిళ్ళ అతని కాళ్ళ కిందనుంచి జారి నా ప్యాడ్‌కు మెత్తగా తగిలి ఆగింది. ఆవిడ ఆగలేక వచ్చి గోల్ వలలో పడింది. వలలో పడుకుని, ఊపిరి అందక, నా వైపు చూసి, "వంగండి కీపర్ గారూ, పూర్తిగా వంగండి" అంది.

అది చెప్పాను. వలలో పడడం దగ్గర ఆయన నవ్వినట్టనిపించింది.

"అయితే గోల్ పడలేదు."

"పడలేదండీ."

అటు నుంచి ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, ఎక్కడో పక్కగదిలో మనుషుల మాటలు.

"ఒక్క నిమిషం ఉండండి" అన్నారు. "అమ్మాయిని పిలుస్తాను. మళ్ళీ చెప్పండి."

కుర్చీ జరిపిన చప్పుడైంది. ఒక ఆడపిల్ల గొంతు సన్నగా "నమస్తే అంకుల్" అంది. నేను మొదటి నుంచీ చెప్పాను.